రెండు మెనూల్లో సాయిలు

గల్ఫ్ వలసకూలీల కోసం కోరుట్లలో మేం నడిపే వెబ్‌సైటులో పెగడపల్లి సాయిలుకు రెండు మెనూల కింద రెండు పేజీలు కనిపించాయి: ‘ఆచూకీ లేనివారు’, ‘మరణించినవారు’.

“ఒక్క మనిషికి రెండు పేజీలుంటే గూగుల్‌ల ఏది పైకస్తదో తెల్వది సార్. శవం వచ్చె గద, ఆచూకీ పేజీ తీసేస్త,” అన్నాడు సైటు చూసే వీరేందర్.

ముందు ఇంట్లో అడుగుదామని స్పీకర్ పెట్టి సాయిలు భార్యకు ఫోన్ చేశాను.

“తియ్యకుండ్రి సార్. వచ్చిన శవం మా పెద్దమామ కొడుకుది. ఇద్దరికి తాత పేరే పెట్టిండ్రు. మా ఆయన ఇంక దొరకలె.”

వీరేందర్ స్క్రీన్ నా వైపు తిప్పాడు. రెండు పేజీల్లోనూ పాస్‌పోర్టు నంబరు ఒకటే.

“వింటున్నరా సార్? రోజు చూసుకుంట గా పేజీ.”

“తియ్యంలేమ్మా,” అని ఫోన్ పెట్టేశాను.

“ఎట్ల సార్? చూసినోళ్లు బతికే ఉన్నడనుకుంటరు.”

“ఆమెకొక్కదానికే కనబడేటట్లు చెయ్యలేవా?”

“మెనూలకెల్లి తీసి, గూగుల్‌కు కనబడకుండ దాచచ్చు. ఆమె దగ్గర లింకు ఉంటది. పేజీ ఉంటది గని, ఇంకెవలు ఎతికినా దొరకదు.”

నా భార్య పోయి ఏడాది దాటింది. నా ఫోన్‌లో మొదటి నంబరు ఇంకా ఆమెదే.

“అట్లనే ఉంచు,” అన్నాను.