డైరెక్టరుగారు నోరు విప్పారు

"మీ కంపెనీ షేర్లు ఎందుకమ్మేశారు సార్?" అని డాక్టరమ్మ అడిగే సమయానికి డైరెక్టరుగారి నోట్లో రెండు దూది ఉండలు, ఒక చిన్న అద్దం, ఆవిడ చూపుడువేలు ఉన్నాయి.

"ఆఁ?" అన్నారాయన.

"మొన్న అమ్మారటగా. పొద్దున్నే స్టాక్ ఎక్స్ఛేంజి వెబ్‌సైట్లో చూశాను."

కంపెనీ పెద్దలు సొంత షేర్లు కొన్నా, అమ్మినా ఆ సంగతి అందరికీ తెలిసేలా బయటపెట్టాలి. పళ్ళు పీకని వేళల్లో డాక్టరమ్మకి అదే కాలక్షేపం. వండినవాడే తినడం మానేస్తే ఆ కూర మనకెందుకూ అని ఆవిడ వాదన. ఈయన కొన్నారని చూసే తనూ కొంది. కొనడమంటే అలా ఇలా కాదు, అద్దెకుంటున్న ఈ క్లినిక్‌ని సొంతం చేసుకోవడానికి దాచిన డబ్బంతా ఆయనగారి పంపుల కంపెనీలోనే పెట్టింది. షేరు ఇంకాస్త పెరిగితే చాలు, డబ్బు సరిపోతుంది. ఆలస్యమైతే ఓనరు ఈ గదుల్ని మిఠాయి కొట్టువాడికి అమ్మేస్తానంటున్నాడు. తీరా చూస్తే ఎన్నడూ ఒక్క షేరు కూడా అమ్మని మనిషి ఇప్పుడు అమ్మాడు, ఆ వార్తకి షేరు పొద్దుట్నుంచీ జారుతోంది.

"కంపెనీలో ఏమైనా గొడవా సార్?"

డైరెక్టరుగారు చెయ్యెత్తి ఏదో చెప్పబోయారు. వేలు అడ్డమొచ్చింది.

"పోనీ, మీరు మానేస్తున్నారా?"

ఆయన కళ్ళు గట్టిగా మూసుకున్నారు. రెండు కళ్ళలోంచీ నీళ్ళు బొటబొటా కారాయి. పంటినొప్పికి వచ్చే కన్నీళ్ళు డాక్టరమ్మ ఎన్ని చూడలేదు? ఇవి మాత్రం అచ్చం దివాలా కన్నీళ్ళలా కనిపించాయి.

"మేడమ్, మత్తు ఇంకా పూర్తిగా ఎక్కలేదేమో" అంది నర్సు.

"నువ్వుండవే! ఒక్క నిమిషం సార్" అని గ్లవ్స్ పీకి పారేసి, ఎక్స్‌రే గదిలోకి పరిగెత్తి భర్తకి ఫోన్ చేసింది.

"ఏమండీ, మొత్తం అమ్మేస్తున్నా."

"తొందరపడకే బాబూ. ముందు ఆయన్ని కనుక్కో."

"ఇంకేం కనుక్కోను? కుర్చీలో కూర్చుని ఏడుస్తున్నాడండీ మనిషి!"

"నీ కుర్చీలో కూర్చుని నవ్వినవాడెవడే?"

"మీకేం తెలీదు, ఊరుకోండి!" అని ఫోన్ పెట్టేసి, ఆ వేలితోనే షేర్లన్నీ అమ్మేసింది. కొన్న ధర కూడా రాలేదు. వచ్చిన దాంతో క్లినిక్ మాట దేవుడెరుగు, దాని గుమ్మం కూడా రాదు. అయినా ఆ కాస్తయినా దక్కిందిలే అని సర్దిచెప్పుకుని, కొత్త గ్లవ్స్ వేసుకుని, ఇంకో సూది మందిచ్చి, పన్ను పీకేసింది.

డైరెక్టరుగారు నోరు కడుక్కుంటుంటే ఆవిడకి జాలేసింది.

"ధైర్యంగా ఉండండి సార్. ఉద్యోగాలదేముంది, ఇవాళ పోతే రేపు ఇంకోటి వస్తుంది."

ఆయన తువ్వాలుతో మూతి తుడుచుకున్నారు. "నా ఉద్యోగం పోవడమేంటమ్మా?" అన్నారు ముద్దముద్దగా.

"మరి షేర్లమ్మారుగా! ఇందాకట్నుంచీ అడుగుతున్నాను, చెప్పరే?"

"చెప్పనిస్తేగా మీరు!" ఆయన నవ్వబోయి, దవడ పట్టుకున్నారు. "కంపెనీ సంగతులైతే నేను బయట చెప్పకూడదు. నా పళ్ళ సంగతి చెప్పొచ్చుగా. షేర్లు దాచుకుని బోసినోటితో ఏం చేసుకుంటారని మా ఆవిడ ఒకటే గోల. అందుకే అవి అమ్మేసి, నోరంతటికీ మీరు వేసిన ఎస్టిమేటు మొత్తం పొద్దున్నే మీ కౌంటర్లో కట్టేశానమ్మా!"