పసుపు లైటు

"ఇక్కడెందుకు, ఇంకో మెకానిక్ దగ్గరికి వెళ్దాం," అన్నాడు భర్త, కారు దిగకుండానే.

"ఇన్నేళ్ళుగా మన బండి చూసేవాణ్ణి వదిలి ఎక్కడికండీ?" అంటూ ఆవిడ ముందే దిగి షెడ్డులోకి నడిచింది. చేసేది లేక ఆయనా దిగాడు.

పోయిన వారమే ఆవిడ తమ్ముడూ వీళ్ళూ కార్లు మార్చుకున్నారు. తమ్ముడికి కవలలు పుట్టాక వాడి చిన్న కారు చాలడం లేదు. వీళ్ళ పెద్ద కారేమో ఇద్దరు మనుషులకి మరీ ఎక్కువ. రెండూ పాతవే, రెండూ నడుస్తున్నవే. ఆలోచన ఆవిడది. బావా బావమరుదులిద్దరూ మారుమాట లేకుండా ఒప్పుకుంటే ఆవిడ తెగ పొంగిపోయింది. ఇవాళ పొద్దున ఆ చిన్న కారులో ఇంజన్ బొమ్మతో పసుపు లైటు వెలిగింది.

పెట్రోలు మూత వదులైనా ఆ లైటు వస్తుందని ఎవరో చెప్పగా విని, దారిలోనే కారాపించి మూత గట్టిగా బిగించింది. తమ్ముడిచ్చిన బండికి అంతకు మించిన జబ్బు ఉండకూడదని ఆవిడ ఆశ.

మెకానిక్ స్టీరింగ్ కింద, బండి లోపాలు చదివే స్కానర్ తగిలించాడు. "పొగ వడగట్టే డబ్బా పోయిందమ్మా. ఉన్నట్టుండి పోయేది కాదిది. చాన్నాళ్ళుగా పాడవుతూ వచ్చుంటుంది."

"మా తమ్ముడు తెచ్చిచ్చినప్పుడు ఈ లైటు లేదే."

"లేదా, ఆర్పించాడా?" అన్నాడు భర్త. "ఎప్పుడు ఆర్పారో అందులోనే ఉంటుందిగా, చూడు."

మెకానిక్ ఆయన వంక ఓసారి చూసి, మీట నొక్కాడు. "ఆర్పాక పెద్దగా తిరగలేదు సార్. వాళ్ళింటినించి మీ ఇంటికి రావడం, ఆపైన ఊళ్ళో కాస్త. అంతే."

"బాగు చెయ్యకుండా లైటొక్కటే ఆర్పొచ్చా?" అడిగింది ఆవిడ.

"ఆర్పొచ్చమ్మా. నాలుగు రోజులు ఊరుకుని మళ్ళీ వెలుగుతుంది."

ఆయన కోపం ఎప్పుడూ అత్తవారి మీదికి సందు వెతుక్కుంటుంది. ఇవాళ రాచబాటే దొరికింది. "విన్నావా? తమ్ముడు తమ్ముడని నెత్తిన పెట్టుకున్నావు. తోడబుట్టినది ఎక్కే బండి అని కూడా చూడలేదు వాడు. నడిరోడ్డు మీద ఆగిపోతే ఏం కాను? మీవాళ్ళ బుద్ధులే అంత."

తల్లి పోయాక వాడికి అన్నం కలిపి పెట్టిన చెయ్యి ఆవిడది. చిన్నప్పుడు అబద్ధమాడితే వాడి చెవులు ఎర్రబడేవి. తాళాలు చేతిలో పెడుతున్నప్పుడు ఆ చెవుల వైపు చూడాలని ఆవిడకి తోచనైనా తోచలేదు. ఊరంతా మోసం చేసినా ఓర్చుకునేదేమో, చేసినవాడు వీడు. ఫోన్ తీసింది.

"లైటు ఆర్పించి ఇచ్చావా?"

"ఆర్పించానక్కా. తప్పే. నేనే నీకు ఫోన్ చేద్దామనుకుంటున్నా, ఇక్కడ—"

"ఇక చెయ్యకు. మా గడప తొక్కకు. నాకు తమ్ముడు లేడనుకుంటాను."

పెట్టేసింది. ఫోన్ వెంటనే మోగింది. భర్త దాన్ని ఆవిడ చేతిలోంచి మెల్లగా తీసుకుని ఆఫ్ చేశాడు.

"పీడా పోయింది. అలాంటివాడితో ఇంకేం మాటలు," అంటూ భుజం మీద చెయ్యి వేశాడు.

ఆవిడ ఆ చేతిని రెండు చేతులా పట్టుకుంది. కన్నీళ్ళు ఆగలేదు. "నాకింక మీరే ఉన్నారండీ," అంది.

మెకానిక్‌కి మనసు ఒప్పలేదు. వైరు చుడుతూ దగ్గరికొచ్చాడు. "ఈమాత్రానికి అంత మాట అనేశారేంటమ్మా. పాత బండి చేతులు మారేటప్పుడు అందరూ చేసేదే ఇది.

"మొన్న ఇచ్చేముందు మీ పెద్ద కారు లైటు సారు నాచేతే ఆర్పించారుగా."