కొటేషన్ల మధ్య

ఉప్పెన వచ్చిన నెలకి, బెజవాడ ఆఫీసులో కూర్చుని మృతుల పేర్లు కంప్యూటరు కార్డుల మీద పంచ్ చేస్తోంది అమలమ్మ. పేరు మధ్యలో ఖాళీ వస్తే చాలు, ఆ యంత్రం ఒక మనిషిని ఇద్దరుగా విడగొట్టి లెక్కేస్తుంది. అందుకని ప్రతి పేరుకీ అటూ ఇటూ కొటేషన్ గుర్తులు పెడుతోంది.

తనవాళ్ళ పేర్లు రాయించడానికి దివిసీమ నుంచి వచ్చిన కాశీరావు కార్డు వైపు వేలు చూపించాడు. "ఈ గుర్తులెందుకమ్మా?"

"వీటి మధ్య ఉన్నవి విడిపోవండీ. మీవాళ్ళ పేర్లు చెప్పండి."

"గంగారత్నం మా ఆవిడ. మంగరాజు మా పిల్లోడు. ఇద్దర్నీ ఒకే గుర్తుల మధ్య పెట్టండమ్మా."

"అలా పెడితే ఇద్దరూ కలిసి ఒక్కరిగానే లెక్కకొస్తారండీ."

"రానివ్వండి. పిల్లోణ్ణి కొంగుతో నడుముకి కట్టుకుంది. ఆ ముడి విప్పకుండానే పూడ్చిపెట్టానమ్మా."