గుర్తు లేని మెట్టు

“గుర్తు పెట్టావా, లేదా?” అని సైకిలు సంఘం కార్యదర్శి మూడోసారి అడిగాడు.

“లేదండి,” అన్నాడు దారి మేస్త్రి.

కార్యదర్శి కలం ఆగింది. ఆ అడవికొండల మీది సైకిలు దారిని పంతొమ్మిదేళ్లుగా కాపాడుతూ, వాన కోసిన చోటల్లా రాళ్లు పేర్చి నిలబెట్టిన మనిషి నోట ఆ మాట వస్తుందని ఆయన అనుకోలేదు.

బల్లకు అవతల చనిపోయిన అమ్మాయి తండ్రి కూర్చుని ఉన్నాడు. ఆయన బడిపంతులు. కూతురి వేగం కొలిచే స్టాప్‌వాచ్ ఇంకా మెడలోనే వేలాడుతోంది. దాన్ని తీయమనే ధైర్యం ఇంట్లో ఎవరికీ లేకపోయింది.

జరిగినదాంట్లో తికమక ఏమీ లేదు. దారి మధ్యలో మనిషి నిలువులో సగం ఎత్తున రాతిమెట్టు ఒకటుంది. సైకిలు దాని అంచు దాటి గాలిలోకి లేచి, కింది మట్టివాలు మీద దిగాలి. ముందురోజు సాయంత్రపు వాన ఆ వాలును తొలిచేసింది. పైనుంచి వచ్చేవారికి ఆ గొయ్యి కనబడదు. మేస్త్రి దాన్ని చీకటి పడేముందే చూశాడు. తెల్లవారి పూడ్చవచ్చునని ఇంటికి వెళ్లాడు. పదిరోజుల్లో ఎంపిక పోటీలు ఉన్నందున ఆ ఉదయం దారిని ఆ అమ్మాయి ఒక్కదానికే వదిలారు. ముందు చక్రం గోతిలో దిగబడింది. ఆమెకంటే ముందు ఆ కొండ దిగి వచ్చిన తండ్రి, తనకు ఏ హెచ్చరికా కనబడలేదని రాసి ఇచ్చాడు.

“ఒక ఎర్రగుడ్డ ముక్క దొరకలేదా నీకు?” అన్నాడు పంతులు. ఆయన గొంతు పెంచలేదు.

“ఎర్రగుడ్డ కాదండి, మా పద్ధతి ఏమిటంటే...” అని కార్యదర్శి ఏదో చెప్పబోయాడు.

“దొరికేదండి,” అంటూ మేస్త్రి అడ్డొచ్చాడు. “బద్ధకించాను. తప్పు నాదే. రాసుకోండి.”

రాసుకున్నారు. ఉద్యోగం పోయింది. ఉద్యోగంతోపాటు వచ్చిన, కొండ మొదట్లోని రెండు గదుల ఇల్లు ఆదివారంలోగా ఖాళీ చేయమన్నారు.

ఇంటి దగ్గర భార్య గిన్నెలను ఒకదానిలో ఒకటి పెట్టి గోనెసంచిలో సర్దుతోంది. ఏడవలేదు గానీ ప్రతి గిన్నెకూ చప్పుడు మాత్రం చేసింది.

“గొళ్లెం పెట్టి రెండుసార్లు లాగి చూస్తే గాని నీకు నిద్రపట్టదు. పొయ్యి ఆర్పానా లేదా అని సగం దారిలోంచి వెనక్కొస్తావు. అలాంటివాడివి నువ్వు మర్చిపోయావా?”

“మనిషినే కదా.”

“రెండు కొమ్మలు విరిచి అడ్డంగా పడెయ్యడానికి ఎంతసేపు పడుతుంది?”

ఒకదానిపై ఒకటి వాలిన రెండు కొమ్మలంటే సైకిలు దిగి నడవమని అర్థం. ఆ దారిన సైకిలు తొక్కేవారికి వేరే బోర్డు అక్కర్లేదు.

“బాబాయ్, బాబాయ్ అంటూ ఆ పిల్ల మన గుమ్మంలో కూర్చుని గొలుసుకు నూనె రాసుకునేది. రేపు దాని ముఖం ఎలా...” ఆమె అక్కడితో ఆగిపోయింది. చూడవలసిన ముఖం ఇక లేదు.

గడ్డపార పైనే ఉండిపోయిందనీ, తాళాలు అప్పగించేలోపు తెచ్చేస్తాననీ చెప్పి అతను పాత సైకిలు నెట్టుకుంటూ కొండెక్కాడు.

పైనుంచి దిగడం మొదలుపెట్టాక చేతులకు వాటి పని దానంతటదే గుర్తొచ్చింది. చెట్లవేళ్లు అల్లుకున్న వాలులో పెడళ్లను సమంగా నిలిపి, ఒళ్లు సీటు వెనక్కి జార్చాడు. రెండు బండల ఇరుకులో ముందు బ్రేకు పూర్తిగా వదిలేశాడు. అక్కడ బ్రేకు పట్టినవాళ్లే పడతారని ఆ అమ్మాయికి నేర్పింది అతనే. చూపు చక్రం మీద కాదు, పదిగజాల ముందుండాలని కూడా చెప్పేవాడు. ప్రతి మలుపులోనూ ఎడమపక్కన ఒక చిన్న కుప్ప ఉంది. ఎండుటాకులు, గులకరాళ్లు, పుల్లలు బల్ల మీద పుస్తకాలు సర్దినంత పొందికగా పోగుపడి ఉన్నాయి.

మెట్టుకు పదడుగుల ముందు దిగిపోయాడు. అంచు మీద పంతులు కూర్చుని ఉన్నాడు.

“ఎందుకొచ్చావు?”

“గడ్డపార కోసమండి.”

పంతులు చాలాసేపు మాట్లాడాడు, అతనితోనో కొండతోనో తెలియకుండా. రెండేళ్లుగా తెల్లవారుజామున కూతురి వెంట నడిచి పైకి వచ్చేవాడినని, ఆమె ఒళ్లు వేడెక్కించుకునేలోపు తాను ముందుగా నడిచి దారి శుభ్రం చేస్తూ దిగేవాడినని చెప్పాడు. సైకిలు ఎక్కడం తనకు రాదు. చేతనైనది అదొక్కటే.

“దాని చక్రం కింద పుల్ల కూడా పడనివ్వలేదు నేను. ఈ మెట్టు దగ్గర మాత్రం పక్క కాలిబాటన దిగిపోతాను. ఒక్కసారి కిందికి తొంగి చూసి ఉంటే?”

“అది మీరు చూడాల్సిన పని కాదండి. నేను చెప్పాల్సిన పని.”

“నిన్ను క్షమించలేను.”

“వద్దండి.”

పంతులు లేచాడు. మోకాళ్ల మట్టి దులుపుకున్నాడు. “నా వల్లేమైనా జరిగిందా అని మూడురోజులు పిచ్చెక్కినట్టు తిరిగాను. నువ్వు ఒప్పుకోకపోతే ఏమైపోయేవాణ్ణో.”

ఆయన కాలిబాటన దిగి వెళ్లాడు. అడుగుల చప్పుడు పూర్తిగా అణిగేదాకా మేస్త్రి కదల్లేదు. తరువాత మెట్టుకు ఎడమపక్కనున్న కుప్ప ముందు మోకరించి, పైనున్న ఆకులను, గులకరాళ్లను ఒక్కొక్కటిగా తొలగించాడు.

అతను విరిచి దారికడ్డంగా వేసిన రెండు కొమ్మలు అడుగున అలాగే ఉన్నాయి.