పావు చుట్టు

"ఇంకో పావు చుట్టు తిప్పు వదినా, గొడవ వదిలిపోతుంది" అన్నాడు డ్వేన్, గ్యారేజీ గుమ్మానికి ఆనుకుని కాఫీ తాగుతూ.

నోరీన్ తిప్పలేదు. బల్లకి బిగించిన ప్రెస్‌లో డై, అంటే ఉక్కు అచ్చు, ఉంది. పేలి ఉబ్బిన తూటా గొట్టాన్ని ఆ డైలోకి నొక్కితే, ఒళ్లు తగ్గించుకుని మళ్లీ తుపాకీలో పట్టేలా తయారవుతుంది. డై ఎంత కిందికి దిగితే గొట్టం అంత నలుగుతుంది. ఆవిడ దాని మర తిప్పి వెంట్రుకవాసి చొప్పున దించుతూ, దించినప్పుడల్లా ఒక గొట్టాన్ని నొక్కి, జారడానికి రాసిన మైనం తుడిచి, తుపాకీలో పెట్టి చూస్తోంది. నాలుగోది కూడా పట్టలేదు. తూటాని లోపలికి తోసి మూసే బోల్టు సగంలోనే ఆగిపోయింది.

తుపాకీలోనే ఏదో తేడా ఉందంది నోరీన్. దానికేం లేదన్నాడు డ్వేన్. స్వయంగా తనే తీసుకెళ్లి, విప్పి, నూనె పెట్టి మొన్ననే తెచ్చిచ్చాడు కదా.

తెల్లారితే మోంటానా కొండల్లో ఎల్క్ దుప్పుల వేట మొదలు. భర్త లైల్ పోయాక ఇదే మొదటి సీజను. ఈ చలికాలం ఫ్రీజరు నిండాలంటే నోరీనే కొండెక్కాలి. అదీ లైల్ తుపాకీతోనే ఎక్కుతానని చర్చి భోజనాల దగ్గర నలుగురిలో అనేసింది. అన్నదమ్ములిద్దరూ ఒకే రోజు ఒకే కొట్లో కొన్న జంట తుపాకుల్లో అదొకటి. లైల్‌ది గురి పెట్టిన చోట కొట్టేది. డ్వేన్‌ది ఏటా చెట్లను కొట్టేది.

తను కొట్టిన మాంసంలో సగం పంపిస్తాను, నువ్వు ఇంటిపట్టున ఉండమని డ్వేన్ పొద్దుట్నుంచీ చెబుతున్నాడు. ఆవిడ వినకపోయేసరికి, పోనీ డైని అడుగుదాకా దించెయ్యమని పట్టుకున్నాడు. డైతో వచ్చిన పుస్తకంలోనూ అలాగే ఉందట. అప్పుడా గొట్టం ఏ తుపాకీలోనైనా పడుతుందట.

ఏ తుపాకీలోనైనా పట్టేవి తనకక్కర్లేదంది నోరీన్. ప్రతిసారీ అంత నొక్కితే గొట్టం ఇత్తడి అలిసిపోయి అడుగు దగ్గర చిట్లుతుంది. లైల్ ఇరవై ఏళ్లూ తన ఒక్క తుపాకీ కొలతకే డై పెట్టుకున్నాడు. పక్కన కూర్చుని మైనం రాసింది తనే.

"మైనం రాయడం వేరు, డై పెట్టడం వేరు. ఆడలేక మద్దెల ఓడంటే ఎలా వదినా?" అంటూ డ్వేన్ వచ్చి డై మీద చెయ్యి వేశాడు.

ఆవిడ రెంచితో ఆ చేతి మీద ఒక్కటిచ్చింది. గట్టిగా కాదు, రెండో చేతిలో కాఫీ ఒలికేంత.

"నా బల్ల మీద నా చెయ్యే తిరుగుతుంది. నువ్వు గుమ్మం అవతల నిలబడి తాగు."

డ్వేన్ మొహం మాడ్చుకుని అవతలికి జరిగాడు. జరిగాడే గానీ పోలేదు. పావు చుట్టే కదా అని మళ్లీ గొణిగాడు. ఇంత చిన్నదానికి ఇతనికింత ఆరాటమేమిటా అని నోరీన్‌కి అప్పుడు తోచింది.

ఆవిడ డైని వదిలేసి అరలోంచి అట్టపెట్టె తీసింది. మూత మీద లైల్ చేతిరాత: 'పోయిన నవంబరు. నా తుపాకీవే.' అందులోంచి, ఇంకా డై ముఖం చూడని గొట్టాన్నొకదాన్ని ఏరింది. ఏ తుపాకీలో పేలితే ఆ తుపాకీ లోపలి కొలతకే గొట్టం ఉబ్బుతుంది. నొక్కకపోయినా సరే, కాస్త బిగుతుగానైనా వచ్చిన చోటికి తిరిగి పోవాలి.

పెట్టి చూసింది. పోలేదు.

తుపాకీని తిప్పి చూసింది. చెక్క పిడి మీద లైల్ కత్తితో చెక్కుకున్న పొడి అక్షరాలు అలాగే ఉన్నాయి. పిడిని పట్టి ఉంచే స్క్రూల తలల మీద మాత్రం కొత్త గీతలు మెరిశాయి.

నోరీన్ అదే గొట్టాన్ని గుప్పిట్లో పట్టుకుని, డ్వేన్‌ని దాటుకుని, బయట ఉన్న అతని ట్రక్కు దగ్గరికి నడిచింది. వెనక సీటు మీది తుపాకీ తీసింది.

"వదినా, అది నాది" అంటూ అతను వెంటపడి వచ్చాడు.

ఆవిడ గొట్టాన్ని లోపల పెట్టి బోల్టు తోసింది. బొటనవేలి బరువుకే అది మెత్తగా మూసుకుంది.

"పిడులు మార్చావు గానీ డ్వేన్, ఈ గొట్టం తన పుట్టిల్లు మర్చిపోలేదు."