చారల చేప మూసిన నోరు

ఆఫ్రికాలో ఒక పెద్ద సరస్సు. అందులో తోటి చేపలన్నీ నాచు మేస్తుంటే, ఒక చిన్న చారల చేప మాత్రం మేత ముట్టకుండా, ఎవరితోనూ మాట్లాడకుండా తిరిగేది. దాని డొక్కలు లోపలికి పోయాయి.

గట్టుమీది కప్ప నోట్లో నువ్వుగింజ నానదు. "ఏమే, పలకరిస్తే బెల్లం కొట్టిన రాయిలా ఉంటావేం? పిల్లా జెల్లా లేనిదానికి ఇంత మిడిసిపాటా!" అంది.

చేప మొప్పలు అదిరాయి. నోరు తెరిస్తే చాలు, అదే జవాబు. కానీ పక్క రాతికింద వేటకి పొంచిన వాలుగ చేప మీసాలు కదులుతున్నాయి. చేప నోరు ఇంకా గట్టిగా బిగించింది.

కాచుకుని కాచుకుని విసిగిన వాలుగ వెళ్లిపోయింది. అప్పుడు చేప ఎండ పడే ఇసుక దగ్గరికొచ్చి నోరు తెరిచింది. లోపలినుంచి ఆవగింజంత కళ్లేసుకుని పిల్లలు బిలబిలా బయటికొచ్చాయి. కప్ప నోరు వెళ్లబెట్టింది.

అంతలో నీళ్లమీద కొంగ నీడ పడింది. పిల్లలన్నీ గబగబా అమ్మ నోట్లోకి దూరిపోయాయి.

"నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు తల్లీ," అంది కప్ప మెల్లిగా. "నీ నోరే ఒక ఊరు!"

చేప ఈసారీ పలకలేదు. కప్పకి కోపం రాలేదు.