ముందు వరస టోకెను

ఉద్యోగంలో చేరిన రోజు నుంచీ కౌంటరమ్మాయి ఈగలు తోలుకుంటోంది.

ఆ చిన్న ఆస్పత్రి గేటు పక్కన, అద్దాల గూట్లో కూర్చుని ముందు వరస టోకెన్లు అమ్మడం ఆమె పని. మామూలు ఫీజు మీద ఇంకొంచెం కడితే చాలు, హాల్లో ఎంతమంది ఉన్నా డాక్టరమ్మ ముందుగా పిలుస్తుంది, తీరిగ్గా చూస్తుంది. మంచి వైద్యానికి జనం నాలుగు డబ్బులు ఎక్కువ పెడతారో లేదో తేల్చుకుందామన్నాడు మేనేజరు. నెలాఖరుకి తేలకపోతే కౌంటరు ఎత్తేస్తాడట. దాంతోపాటు ఆమెనీ. ఇంట్లో ఉన్నది ఆ ఒక్క జీతమే.

ఇక లాభం లేదని ఒక శుక్రవారం ఆమే టోకెన్లు పట్టుకుని హాల్లోకి వెళ్లింది. శుక్రవారం బీపీ, షుగరు వాళ్ల రోజు. లోపల ఇసకేస్తే రాలనంత జనం. కిటికీ దగ్గర ఇద్దరు పట్టే బెంచీ మీద టైలరమ్మ ఎవరిదో చొక్కాకి బొత్తాలు కుడుతోంది. పక్కనే రిటైరైన లెక్కల మాస్టారు తన గ్యాస్ ట్రబుల్ పుట్టుపూర్వోత్తరాలు మొదలుపెట్టాడు. వారం వారం అదే చోటు, అదే కథ. పాపం, ఆవిడ ఊకొడుతూనే ఉంది.

టోకెను మాట ఎత్తగానే మాస్టారు హాలంతటికీ వినిపించేలా తేల్చేశాడు.

"ప్రాణం మీదికొచ్చినా ఆ వరసకి పైసా విదల్చను. కాసేపు కూర్చుంటే అరిగిపోతామా?"

అందరూ తలలూపారు. కౌంటరమ్మాయి గుండెల్లో రాయి పడింది. మొహం వేలాడేసుకుని గూటికి తిరిగొచ్చింది.

వెనకాలే ఎవరో వచ్చారు. చూస్తే, ఎదురు బెంచీ మీద కూర్చునే బస్సు డ్రైవరు. ఆయనా రిటైరైనవాడే. ఇస్త్రీ చొక్కా, నున్నగా గీసిన గడ్డం.

"ఒకటివ్వమ్మా," అన్నాడు మెల్లగా.

పై శుక్రవారం మళ్లీ కొన్నాడు. ఆ పై శుక్రవారమూ అంతే. డాక్టరమ్మ రాకముందే గేటు దగ్గర నిలబడి ఉండేవాడు. ఇంత ఆత్రపడుతున్నాడంటే లోపల ఏ పెద్ద జబ్బుందోనని ఆమె బెంగపెట్టుకుంది. ఉండబట్టలేక ఒకసారి అడిగేసింది కూడా. ఈ టోకెన్లు మొదలయ్యాక గుండె ఎంతో తేలిగ్గా ఉందన్నాడాయన. ఆమెకి కళ్లు చెమర్చాయి.

నెలాఖరు శుక్రవారం మేనేజరు వచ్చాడు. కొన్నది ఒకే ఒక్కడని విని పెదవి విరిచాడు. కౌంటరు ఎత్తేయడమే మంచిదని ఆయన అంటుండగానే డ్రైవరు డబ్బు పట్టుకుని వచ్చాడు.

"ముందే పిలుస్తారు కదండీ, మరి ఇంత పొద్దున్నే రావడం దేనికి?" అనడిగాడు మేనేజరు.

"బస్సు నడిపినవాణ్ని సార్. మంచి సీటు కావాలంటే ముందే రావాలని నాకు తెలీదా?"

"అంత బాగుందా మా ముందు వరస?"

"రేటు పెంచినా కొంటాను సార్. దయచేసి తీసెయ్యకండి."

టోకెను తీసుకుని డ్రైవరు గబగబా హాల్లోకి వెళ్లిపోయాడు. మేనేజరు పొంగిపోయాడు. ఒక్క మనిషికి ఇంత గురి కుదిరిందంటే మెల్లగా మిగతావాళ్లూ దారికొస్తారట. కౌంటరు ఉంటుంది, నువ్వూ ఉంటావు అని చెప్పి వెళ్లాడు.

ఆమెకి ఏనుగెక్కినంత సంబరమైంది. ఈ మంచి కబురు ముందు ఆ బాబాయిగారికే చెప్పాలి, రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాలి అనుకుంటూ హాల్లోకి పరుగెత్తింది.

ముందు వరస టోకెను ఊపుకుంటూ డాక్టరమ్మ గదిలోకి వెళ్తున్నది లెక్కల మాస్టారు. కిటికీ దగ్గర ఖాళీ అయిన ఆయన చోట్లో అప్పుడే సర్దుకుని కూర్చున్న డ్రైవరు, టైలరమ్మ సూదిలోకి దారం ఎక్కించి పెడుతున్నాడు.